ఈ బండి ఎవరిదండీ?

ఉదయం అయిదున్నర. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఓ ఎల్‌ఐజీ వీధి మొదట్లో నిలబడ్డారు మీరు. వీధి దీపాలు ఇంకా ఆర్పలేదు. ఫుట్‌పాత్ ఎక్కడుందని వెతక్కండి. అది ఉండాల్సిన చోట ర్యాంపు ఉంది, ర్యాంపు మీద బుల్లెట్ బండి ఉంది, ఆ బండి మీద ఎవరో ఆరేసిన డోర్‌మ్యాట్ ఉంది. మార్నింగ్ వాక్‌కి బయల్దేరిన పెద్దాయన రెండు వరసల కార్ల మధ్య, నడిరోడ్డున, చేతికర్ర తాటించుకుంటూ వస్తున్నాడు. ఆయనకు దారివ్వాలంటే మీరు ఏదో ఒక కారుకి అతుక్కుని నిలబడాలి. దాని అద్దం మీది మంచు మీ చొక్కాకి అంటుతుంది.

నాలుగో ఇంటి గేటు కిర్రుమంది. ఇంటావిడ ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో చీపురూ ముగ్గుడబ్బా పట్టుకుని వస్తోంది. గేటు సగం తెరుచుకుని ఠంగుమని ఆగింది. ఎదురుగా తెల్ల కారు బంపరు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. మళ్లీ మన గుమ్మం ముందే పెట్టేసి పోయారు. ముగ్గెక్కడ వెయ్యమంటారు, బానెట్టు మీదా?"

లోపల్నుంచి దగ్గు తప్ప జవాబు లేదు. ఆవిడ పక్కకు తిరిగి గేటు సందులోంచి బయటపడి, బంపరుకీ గడపకీ మధ్య మిగిలిన మూరెడు జాగాలో నీళ్లు చల్లి, నాలుగు చుక్కలు పెట్టి, చుట్టూ ఓ గీత తిప్పి సరిపెట్టింది. వంగి చూడండి, ముందు టైరు కింద నిమ్మకాయ చితికిపోయి ఉంది. బానెట్టు మీద పసుపు, కుంకుమ ఇంకా చెరగలేదు. నంబరు ప్లేటు మీద టీఆర్ నంబరే ఉంది.

వెనకింటి మూడో అంతస్తులో అద్దెకుండే కుర్రాడి కారది. బ్యాంకు వాళ్లు జీతం కాగితాలు అడిగారు, షోరూము వాళ్లు ఆధార్ అడిగారు, రిజిస్ట్రేషన్‌కి లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటారు. "బాబూ, దీన్ని రాత్రిపూట ఎక్కడ పెడతావ్?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగాలన్న నిబంధన ఇక్కడ లేదు. జపాన్‌లో 1962 నుంచే దానికో చట్టం ఉంది. కారు పెట్టుకునే చోటు ఉందని పోలీసుల దగ్గర్నుంచి కాగితం తెచ్చుకుంటే గానీ అక్కడ బండి చేతికి రాదు. మన కుర్రాడు గుడి దగ్గర పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి, వీధిలోకి వచ్చాక వెతకడం మొదలెట్టాడు.

ఈ కాలనీ 1980ల నాటిది. ఇంటి ముందు స్కూటర్ ఉంటే గొప్పనుకునే రోజులు. బోర్డు కట్టిచ్చిన చిన్న ఇళ్ల జాగాలో ఇప్పుడు నాలుగైదు అంతస్తులు లేచాయి, ఆపైన పెంట్‌హౌస్, రెండు మూడు ఇళ్లకొక హాస్టలు. వీధి మాత్రం అప్పటిదే. లెక్క చూడండి. ఇది 20 అడుగుల వీధి. ఇన్నోవా ఒక్కటే 6 అడుగుల వెడల్పు. అటొకటి ఇటొకటి గోడలకు ఆనించి పెట్టినా మిగిలేది 8 అడుగులు. నీళ్ల ట్యాంకర్ వెడల్పూ ఇంచుమించు అంతే. గోడకు ఆనించి పెట్టేవాళ్లెవరు? డోరు తెరవాలి, కాలవ మీది మూత విరుగుతుందని భయం, పక్కవాడి ర్యాంపు తగులుతుంది. ట్యాంకర్ వీధి మొదట్లోనే ఆగి, అక్కణ్నుంచి పైపు పరుస్తారు. అంబులెన్సు కూడా అక్కడే ఆగిపోతే స్ట్రెచరును మోసుకెళ్లడం తప్ప వేరే దారి లేదు.

నాలుగు అడుగులు ముందుకేస్తే కాపలాలు మొదలవుతాయి. ఒక గోడ వారన సున్నం పూసిన బండరాళ్లు. ఇంకో ఇంటి ముందు 20 లీటర్ల పెయింటు బకెట్లలో సిమెంటు పోసి, మధ్యలో ఇనప గొట్టాలు దించి, వాటి మధ్య నైలాన్ తాడు కట్టారు. ఆ పై ఇంటివాళ్లది అన్నిటికన్నా పదునైన బుర్ర. రోడ్డు అంచున తులసి కుండీ పెట్టారు. తులసమ్మను పక్కకు జరిపి బండి పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? గేట్ల మీద రేకు బోర్డులు: నో పార్కింగ్, టైర్లలో గాలి తీయబడును.

ఆ గాలి నిజంగా తీశారో, అదే నేరమవుతుంది. ఇంకొకరి వస్తువును కావాలని పాడుచెయ్యడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కిందకు వస్తుంది. ఇక్కడ నా మాట సూటిగా చెప్పేస్తాను, కొందరికి నచ్చదు. గేటు ఎంత మేర ఉందో అంత మేర మీకు దారి వదలాల్సిందే. దానికి అడ్డంగా బండి పెట్టినవాడిది పూర్తిగా తప్పు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు ఇంటి దారికి అడ్డంగా గానీ, ఫుట్‌పాత్ మీద గానీ బండి పెట్టకూడదనే అంటున్నాయి. కానీ గేటు దాటాక, ప్రహరీ పొడుగునా ఉన్న రోడ్డు మీది కాదు. దస్తావేజుల్లో హద్దులు తిరగేయండి, తూర్పునో పడమరనో 'రోడ్డు' అని రాసి ఉంటుంది. హద్దు అంటే అక్కడికి మీ స్థలం అయిపోయిందని. ఆ రాళ్లూ బకెట్లూ ఆక్రమణే.

బాదం చెట్టు కింద వెండి రంగు కవరు కప్పుకున్న కారొకటి ఉంది. కవరు మడతల్లో ఎండుటాకులు మగ్గి మట్టయ్యాయి. నాలుగు టైర్లూ నేలకంటుకున్నాయి. కింద కుక్క పడుకుని ఉంది, మిమ్మల్ని చూసి ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది. ఓనరు అమెరికాలో కొడుకు దగ్గరున్నాడని ఒకరంటారు, అమ్మేశాడని ఇంకొకరు. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. ఖర్చు ఓనరే కట్టుకోవాలి. కంప్లయింట్ ఇద్దామంటే మాత్రం "ఎందుకొచ్చిన గొడవండీ, రేపు ఆయన మొహం చూడాలి కదా" అంటారు.

ఎనిమిదింబావుకి వీధి లేచి కూర్చుంటుంది. చెత్త ఆటో పాట పెట్టుకుని లోపలికొచ్చి, తెల్ల కారు దగ్గర ఆగిపోయింది. దాని వెనక స్కూలు వ్యాను, వ్యాను వెనక ర్యాపిడో అబ్బాయి, అతని వెనక గ్యాస్ సిలిండర్ల ఆటో. హారన్లు.

"ఎవల్దన్నా ఈ కారు? జర తియ్యండే!"

బాల్కనీల్లోంచి తలలు బయటికొస్తాయి. మాది కాదు. మాదీ కాదు. రాత్రి జాగా కోసం కొట్టుకున్న వీధిలో ఈ క్షణాన ఒక్కరికీ కారు లేదు. ముందద్దం వెనక ఫోన్ నంబరు రాసిన చీటీ కనిపిస్తోందా? దగ్గరికెళ్లండి. రాత్రి గాజు మీద చేరిన తేమకు సిరా కరిగి, చివరి రెండంకెలూ మరకగా మారాయి. స్కూలు వ్యానులో యూకేజీ పిల్ల ఏడుపు లంకించుకుంది. చివరికి మూడో అంతస్తు కుర్రాడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో, పళ్లపేస్టు మూతితో, మెట్లు దూకుతూ దిగాడు. "సారీ అంకుల్, సారీ అన్నా, రెండు నిమిషాలు." కొత్త చెయ్యి. ముందుకీ వెనక్కీ చాలాసార్లు తిప్పాడు, తులసి కుండీకి వెంట్రుకవాసిలో ఆగాడు. వీధి మొత్తం ట్రాఫిక్ కానిస్టేబులై "కొట్టు, కొట్టు, లెఫ్ట్‌కి కొట్టు" అని అరిచింది.

కారు అటు పోగానే నాలుగో ఇంటాయన లుంగీ ఎగ్గట్టి రెండు సిమెంటు బకెట్లు దొర్లించుకుంటూ వచ్చాడు. గేటు ముందు ఒకటి, గోడ చివర ఒకటి పెట్టి తాడు బిగించాడు. ఆయనకు కారు లేదు. ఉన్నదొక పాత యాక్టివా, అది వరండాలో ఉంటుంది.

పది దాటాక మెయిన్ రోడ్డు వైపు నుంచి ఇంకో దండు దిగుతుంది. 2017 నవంబరులో మెట్రో నడవడం మొదలయ్యాక, స్టేషన్‌కి దగ్గర్లోని సందుల్లో బైకులు వదిలేసి రైలెక్కే వాళ్లు పెరిగారు. వాళ్లను ఇక్కడ తిట్టుకోవడమే గానీ ఎవరూ చూడలేదు. వచ్చేసరికి బండి ఉంటుంది, మనిషి ఉండడు.

ఇప్పుడు మూల మీది అపార్ట్‌మెంటు స్టిల్ట్‌లోకి రండి, అసలు సంగతి ఇక్కడుంది. బయటి ఎండలోంచి వచ్చారు కాబట్టి కళ్లు అలవాటు పడనివ్వండి. ఎడమ పక్కన రేకులతో కట్టిన గది, తలుపు ముందు వాషింగ్ మెషీను. రోడ్డు వైపు షట్టరు దించి కర్రీ పాయింట్‌కి అద్దెకిచ్చారు, పప్పుచారు తాలింపు వాసన స్తంభాల మధ్య తిరుగుతోంది. మిగిలిన జాగాలో పసుపు గీతలు, ఫ్లాట్ నంబర్లు. 202 అని రాసిన చోట చిరిగిన సోఫా, పిల్లల సైకిలు, పెళ్లినాటి ఇనప బీరువా.

"ఆ సారు కారెక్కడ పెడతాడు?"

"బయటేనండి. ఇక్కడ సామానుంది కదండీ" అన్నాడు వాచ్‌మన్, అందులో వింతేముందన్నట్టు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పార్కింగ్‌కని చూపించిన సెల్లార్‌నీ స్టిల్ట్‌నీ ఇంకో పనికి వాడకూడదు. స్టిల్ట్ ఉమ్మడి జాగా అనీ, బిల్డరు దాన్ని విడిగా ముక్కలు చేసి అమ్ముకోలేడనీ 2010లో ముంబయి కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్లానులో పార్కింగ్, నేల మీద కర్రీ పాయింట్. ఆ షట్టరు వెనక పట్టాల్సిన కార్లే వీధిలో మన గేట్ల ముందుకొచ్చాయి. కానీ ఎవరూ వెళ్లి ఆ అద్దె తీసుకునే ఆయనతో గొడవ పడరు. వెనకింటి కుర్రాడు తేలిగ్గా దొరుకుతాడు.

(వినాయక చవితికి ఇదే వీధికి అడ్డంగా పందిరి వేస్తారు. నిమజ్జనం దాకా ఒక్క కారూ లోపలికి రాదు. అప్పుడందరూ మెయిన్ రోడ్డు మీద ఎక్కడో పెట్టుకుని నడిచే వస్తారు, ప్రసాదం కూడా తింటారు. నడవలేక కాదన్నమాట.)

రాత్రి ఎనిమిదిన్నర. తెల్ల కారు తిరిగొచ్చింది. కుర్రాడు వీధి రెండుసార్లు చుట్టి, దిగి, గోడ చివరి బకెట్టు పక్కకు లాగాడు. సిమెంటు రోడ్డు మీద గరగరలాడిన చప్పుడుకే నాలుగో ఇంటాయన బయటికొచ్చాడు.

"ఎవరయ్యా అది ముట్టుకుంది?"

"అంకుల్, గేటుకి అడ్డం పెట్టట్లేదు. గోడ వారన పెడుతున్నా."

"గోడ ఎవరిది?"

"గోడ మీదే అంకుల్. రోడ్డు?"

"నిన్నగాక మొన్నొచ్చావు, నాకు రోడ్డు చెప్తావా? మేం ముప్పయ్యేళ్ల నుంచి ఉంటున్నాం ఇక్కడ!"

పొద్దున తప్పు కుర్రాడిది, ఇప్పుడు తప్పు నాలుగో ఇంటాయనది. ఆ మాట ఇద్దరిలో ఎవరికి చెప్పినా మీరే మూడో శత్రువవుతారు. గొంతులు లేచాయి, ఫోన్లలో వీడియోలు మొదలయ్యాయి, కారు డోరు తెరిచే ఉంది. గుళ్లోంచి మనవణ్ని చెయ్యి పట్టుకుని వస్తున్న ముసలమ్మ ఒకావిడ ఆ డోరు దగ్గర ఆగింది. ఒక పక్క తాడు, ఇంకో పక్క బుల్లెట్టు. "నాయనా, మీరు తర్వాత తేల్చుకుందురు గానీ, ముందు మమ్మల్ని పోనివ్వండి."

ఈ తగాదాలో వాటా అడగనిది ఆవిడొక్కతే. రోడ్డు మీద అసలు హక్కుదారూ ఆవిడే. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుట్‌పాత్‌లో అడ్డంకి లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసి పెట్టింది. ఈ వీధిలో ఆ 1.8 మీటర్లలో సగం ర్యాంపులు తిన్నాయి, సగం కార్లు తిన్నాయి.

కాబట్టి చదివేవాళ్లలో ఇలాంటి వీధిలో ఉండేవారికి ఒక విన్నపం. రోడ్డు మీద పెట్టిన రాళ్లూ బకెట్లూ లోపలికి తీసుకోండి. స్టిల్ట్‌లో సామాను పెట్టుకుని కారు బయట పెడుతున్నవారు ముందు ఆ బీరువా సంగతి చూడండి. గేటుకి అడ్డంగా ఎవరైనా బండి పెడితే గాలి తీయకండి, ఫొటో తీసి పోలీసులకు చెప్పండి. ఇక, ఎక్కడ పెట్టినా సరే, అద్దం వెనక ఫోన్ నంబరు ఉంచండి. చెరిగిపోని సిరాతో రాయండి, రాత్రిళ్లు ఆ ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.