తుమ్మముల్లులో కాపురమున్న చీమలు

ఆపద వచ్చినప్పుడు జంతువు పారిపోతుంది, లేదా తిరగబడుతుంది. పుట్టినచోటనే నిలిచి ఉండవలసిన చెట్టు ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నను పట్టుకొని జీవితమంతా గడిపిన శాస్త్రజ్ఞులలో అమెరికాకు చెందిన డేనియల్ హంట్ జాన్‌జెన్ ముఖ్యులు. ఒక చీమతో మొదలైన ఆయన విద్యావ్యాసంగం ఒక అడవిని నిలబెట్టే ప్రయత్నం దాకా ఎలా సాగిందో ఈ టపాలో చెప్పదలచాను.

జాన్‌జెన్ 1939లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో జన్మించారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కీటకశాస్త్ర పరిశోధనకు చేరారు. 1960ల తొలి సంవత్సరాలలో మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతంలో తిరుగుతుండగా ఒక చిన్న దృశ్యం ఆయన కంటబడింది. ఎగిరి వచ్చిన పురుగొకటి ముళ్ళచెట్టు మీద వాలింది. వెంటనే ఒక చీమ దానిని తరిమివేసింది. అంతే. ఎందరో చూసి దాటిపోదగిన దృశ్యమే. ఆయన దాటిపోలేదు.

ఆ చెట్టు మన తుమ్మకు చుట్టమే. దానికి ఎద్దుకొమ్ములవలె జంటలు జంటలుగా ఉబ్బిన ముళ్ళుంటాయి. రాణిచీమ ముల్లు మొన దగ్గర రంధ్రం చేసి, లోపలి మెత్తని భాగాన్ని తొలిచి, అందులో సంసారం పెడుతుంది. ఆకుకాడల మొదట్లో తేనె ఊరే గ్రంథులుంటాయి. చిట్టి ఆకుల కొసలలో మాంసకృత్తులు, కొవ్వు నిండిన సన్నని గుళికలు ఏర్పడతాయి. ఇల్లు, తేనె, అన్నం, మూడింటినీ చెట్టే సమకూరుస్తుంది. ఇంగ్లండుకు చెందిన థామస్ బెల్ట్ అనే ఇంజనీరు నికరాగ్వాలో గనుల పనిమీద ఉండగా ఈ వింతను గమనించి, 1874లో వెలువడిన తన గ్రంథంలో వర్ణించారు. చీమలు చెట్టు కొలువులో ఉన్న సైన్యమని ఆయన అభిప్రాయం. ఆ గుళికలు నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నాయి. అయితే అప్పటికది చూసి అనుకున్న మాటయే గాని ప్రయోగంతో తేల్చిన మాట కాదు. చెట్టుకు చీమల అవసరమేమీ లేదని, చీమలే చెట్టును వాడుకుంటున్నాయని వాదించినవారూ లేకపోలేదు.

జాన్‌జెన్ ఆ వాదాన్ని మాటలతో కాక ప్రయోగంతో తేల్చారు. కొన్ని చెట్లనుండి చీమలను తొలగించి, మరికొన్నింటిని యథాతథంగా ఉంచి, నెలల తరబడి పోల్చి చూశారు. చీమలు లేని చెట్లను పురుగులు తినివేశాయి. తీగలు అల్లుకొని ఎండ తగలనీయలేదు. అనేకం గిడసబారాయి, చచ్చిపోయాయి. చీమలున్న చెట్లు పచ్చగా నిలిచాయి. ఆ చీమలు రాత్రింబగళ్ళు గస్తీ తిరుగుతాయి, పురుగులను కుడతాయి, చెట్టు మీదికి పాకే తీగలను, మొదట్లో మొలిచే కలుపును సైతం కొరికివేస్తాయి. కంచే చేను మేస్తే దిక్కెవరని మనవారంటారు. ఇక్కడ కంచె మేసేమాట నిజమే గాని, చేను కూలిగా కొలిచి పెట్టినంతవరకే మేస్తుంది.

ఈ పరిశోధనకు 1965లో డాక్టరేటు లభించింది. 1966లో ‘ఎవల్యూషన్’ పత్రికలో వ్యాసం వెలువడింది. రెండు జాతులు తరతరాలుగా పరస్పరం ప్రభావితమై మార్పు చెందడాన్ని సహపరిణామం అంటారు. 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ అనేవారు సీతాకోకచిలుకలను, వాటి ఆహారపు మొక్కలను గూర్చి వ్రాసిన వ్యాసంతో ఆ భావన బాగా ప్రచారంలోకి వచ్చింది. జాన్‌జెన్ ప్రయోగం దానికి కంటికి కనిపించే సాక్ష్యమయింది.

1973లో సహపరిశోధకులతో కలిసి ఆయన ఇంకొక సంగతి తెలియజేశారు. చీమల కాపలా లేని తుమ్మజాతుల ఆకులలో సయనైడును పుట్టించే పదార్థాలున్నాయి. కాపలా ఉన్న జాతులలో అవి లేవు. సైన్యాన్ని పోషించే రాజ్యం కోటగోడకు కూడా ధనం వెచ్చించలేదు కదా! ఆత్మరక్షణకు వెల ఉందని, ఆ వెలను మొక్క ఆచితూచి చెల్లిస్తుందని దీనివలన స్పష్టమయింది. ఆ స్నేహంలోనూ లెక్క ఉన్నదని తరువాతివారు కనుగొన్నారు. మెక్సికోలో మార్టిన్ హైల్ బృందం 2014లో ప్రకటించిన ప్రకారం, ఈ చెట్టు తేనెలోని ఒక ఎంజైము చీమల కడుపులో మామూలు చక్కెరను అరిగించుకొనే శక్తిని అణచివేస్తుంది. ముందే అరిగించినట్లున్న ఆ చెట్టు తేనెకే చీమలు కట్టుబడిపోతాయి.

కాన్సాస్, షికాగో, మిషిగన్ విశ్వవిద్యాలయాలలో బోధించి, 1976లో ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చేరారు. ఈ మధ్యకాలంలో ఆయన దృష్టి గింజల మీదికి మళ్ళింది. ఉష్ణమండలపు అడవిలో ఒకే చోట అన్ని రకాల చెట్లెందుకున్నాయి? తల్లిచెట్టు కింద రాలిన గింజలను, మొలకలను ఆ జాతికే అలవాటుపడిన పురుగులు వెదికి తింటాయి. దూరంగా చేరినవి బ్రతుకుతాయి. నడుమ ఖాళీలో వేరొక జాతి లేస్తుంది. ఇది 1970లో ఆయన ప్రతిపాదించిన సమాధానం. ఆస్ట్రేలియా అడవులను పరిశీలించిన జోసెఫ్ కానెల్ కూడా విడిగా ఇదే భావానికి రావడంతో, ఇద్దరి పేర్లమీద అది ప్రసిద్ధమయింది.

గింజల కథలో మన వంటింటికీ సంబంధం ఉంది. పెసలను, అలసందలను పుచ్చు పట్టించే పురుగును మనమెరుగుదుం. 1976లో జాన్‌జెన్, సహపరిశోధకులు ఆ పురుగు మీదనే నల్లచిక్కుడు గింజలలోని ఒక మాంసకృత్తును పరీక్షించి, అది పురుగు పిల్లలను చంపుతున్నదని ప్రకటించారు. 1991లో మరికొందరు పరిశోధకులు, అసలు చంపేది దానితో కలిసి ఉన్న వేరొక పదార్థమని, పిండిపదార్థాన్ని అరగనీయని ప్రోటీనని తేల్చారు. శాస్త్రం ఇలాగే సాగుతుంది. గింజ ఆయుధం ధరించి ఉన్నదన్న మూలసూత్రం మాత్రం నిలిచింది.

ఆ ఆయుధాన్ని మింగి అరిగించుకొన్న పురుగు కూడా ఉంది. మన తమ్మకాయ జాతి కెనవేలియా. మలయాళపు వాడుకపేరు నుండి వృక్షశాస్త్రజ్ఞులు దానికాపేరు పెట్టారు. అందులో మొదట దొరికిన విషం కనుక కెనవనిన్ అనే పేరు వచ్చింది. శరీరం దీనిని ఆర్జినిన్ అనే అవసరమైన పదార్థమని భ్రమించి మాంసకృత్తులలో కూర్చుకొంటుంది. ఆ కూర్పు చెడుతుంది. కోస్టారికాలోని ఒక అడవితీగ గింజలలో ఈ విషం దండిగా ఉంటుంది. అయినా ఒక పెంకుపురుగు పిల్ల ఆ గింజలనే తిని పెరుగుతుంది. దాని శరీరం అసలును, నకిలీని వేరు చేయగలదని 1976లో రోజెంతాల్, డాల్మన్, జాన్‌జెన్ నిరూపించారు. తరువాతి పరిశోధనలో అది ఆ విషం నుండే నత్రజనిని రాబట్టుకొంటున్నదని తేలింది. అందరికీ విషమైనది దానికి అన్నమయింది.

1978లో కోస్టారికా అడవిలో ఆయన లోయలో పడి పక్కటెముకలు విరిగాయి. కదలలేక, రాత్రివేళ చిన్న బల్బు ఎదుట కూర్చున్న ఆయనకు గోడమీద వాలే చిమ్మటల రాశి కనిపించింది. ఆ ఏడే గొంగళిపురుగులను సేకరించి, వాటి ఆకులమీదనే పెంచి, ఏ పురుగు ఏ మొక్కను తింటుందో, ఏ కందిరీగ ఆ పురుగును చంపుతుందో నమోదు చేసే పనికి ఆరంభం జరిగింది. విన్నీ హాల్‌వాక్స్ ఆయనకు జీవితసహచరి, సహపరిశోధకురాలు. స్థానిక గ్రామస్థులకు శిక్షణ ఇచ్చి ఈ పనిలో నియమించారు. 1775 నుండి ఒకే జాతిగా ఎంచిన ఒక సీతాకోకచిలుక నిజానికి 10 జాతులని 2004లో డీఎన్ఏ పరీక్ష తెలిపింది. వాటి గొంగళిపురుగుల రంగులు వేరు, తినే మొక్కలూ వేరని ఈ దశాబ్దాల నమోదే చూపింది.

అయితే తాను చదువుతున్న గ్రంథం కాలిపోతూ ఉంటే పాఠకుడు ఊరకుండలేడు. గ్వానాకాస్తె ప్రాంతపు అడవి మన నల్లమలవలె వేసవిలో ఆకు రాల్చే పొడి అడవి. పశువుల మేతకోసం ఆఫ్రికానుండి తెచ్చిన గడ్డి ఏటేటా అంటుకొని ఆ అడవిని మింగుతూ వచ్చింది. 1985 నుండి ఆ దంపతులు చందాలు పోగుచేసి, గడ్డిభూములు కొనిపించి, నిప్పును ఆపి, అడవిని తిరిగి రానిచ్చే పనికి పూనుకొన్నారు. 1984లో వచ్చిన క్రాఫోర్డ్ బహుమతి, 1997లో వచ్చిన క్యోటో బహుమతి ఆయన ఖ్యాతిని పెంచాయి. బహుమతి ధనం అడవికే చేరింది. 1999లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

విజయగాథగా ఇక్కడ ముగించవచ్చును. ఆయన ముగించలేదు. అదే అడవిలో, దీపం ముందు కట్టిన తెల్లని గుడ్డమీద వాలిన చిమ్మటల ఛాయాచిత్రాలు 1984 నుండి ఉన్నాయి. 2019 నాటి చిత్రంతో పోల్చితే గుడ్డ దాదాపు ఖాళీ. నాలుగు నెలల ఎండాకాలం ఆరు నెలలకు పెరిగిందని, మబ్బులు కొండపైకి తొలగిపోయాయని, కీటకాలు తరిగిపోవడం నిజమని 2021లో ఆ దంపతులు వ్రాశారు. కొన్న భూమికి కంచె వేయవచ్చును గాని, ఎండకు కంచె వేయలేం.

జాతులు నశించడం కంటె ముందుగా, కంటికి కనబడకుండా, వాటి నడుమనున్న సంబంధాలు నశిస్తాయని జాన్‌జెన్ 1974లోనే హెచ్చరించారు. పచ్చికబయలులో ఒంటరిగా మిగిలిన మహావృక్షం పచ్చగానే ఉంటుంది. పరాగం మోసే ప్రాణి రాదు, మొలక లేవదు. మన భాషలో ఇటువంటివారిని జీవన్మృతులంటాం.

నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాడిగా నాకు దీనిలో కొత్తదనం కనిపించలేదు. నిఘంటువులో మిగిలి నాలుకమీద లేని మాటలను రోజూ చూస్తూనే ఉన్నాం. మాట ప్రాణం అక్షరాలలో కాదు, ఒకరినుండి ఒకరికి పోవడంలో ఉంది. చీమ వెళ్ళిపోయిన తుమ్మ కూడా జాబితాలో తుమ్మగానే ఉంటుంది. ఎన్ని జాతులు మిగిలాయని లెక్కించేవారు, ఏది దేనికోసం బ్రతుకుతున్నదో కూడా లెక్కించాలి.