బ్రౌన్ ఏల్: బట్టీ వేడికి పుట్టిన రుచి

సీసా మీద ‘సంప్రదాయ ఇంగ్లీషు బ్రౌన్ ఏల్’ అని ఉన్నంత మాత్రాన తాతలనాటిదనుకోనక్కర్లేదు. ఇప్పుడు మనం ఆ పేరుతో పిలిచే బీరు ఇరవయ్యో శతాబ్దం బిడ్డ. అంతకుముందు కథ వేరు.

రాగి మాల్ట్ కాచుకునే కర్నూలు, కడప ఇళ్లకు మాల్ట్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తాం. ఇంగ్లండులో బార్లీకి చేసేదీ దాదాపు ఇదే. కాకపోతే అక్కడ మన ఎండ లేదు, బట్టీ వేడి మీద ఆరబెట్టాల్సిందే. కట్టెలు, గడ్డి మంట మీద ఆరిన గింజ గోధుమరంగుకు తిరిగి, పొగవాసన పట్టేది. పాతకాలపు ఇంగ్లీషు బీర్లలో చాలావాటి రంగు అలా వచ్చిందే.

పదిహేడో శతాబ్దంలో కోక్ బొగ్గు వచ్చాక పొగలేని లేత మాల్ట్ సాధ్యమైంది. ఆ తర్వాతి శతాబ్దం చివర్లో చక్కెర శాతం కొలిచే పరికరం బ్రూవరీల్లోకి రాగానే అసలు లెక్క తేలింది: ముదురు మాల్ట్‌లోంచి చక్కెర తక్కువ దిగుతోంది. వ్యాపారులు లేత మాల్ట్‌కు మళ్లారు. మరి రంగెలా? 1817లో డేనియల్ వీలర్, తిరిగే ఇనుప పీపాలో మాల్ట్‌ను నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గుప్పెడు వేస్తే చాలు, పీపా అంతా రంగు తిరుగుతుంది.  

1902 ప్రాంతంలో లండన్‌లోని మాన్ కంపెనీ బ్రౌన్ ఏల్‌ను సీసాల్లో మళ్లీ నిలబెట్టింది. అది తియ్యనిది, ఆల్కహాలు మూడు శాతం లోపే. 1927లో ఇంగ్లండు ఉత్తరాదిన కల్నల్ జిమ్ పోర్టర్ తెచ్చిన న్యూకాసిల్ బ్రౌన్ ఏల్ తీపి తగ్గించుకుని, 4.7 శాతంతో ఘాటెక్కింది. మన బనగానపల్లె మామిడికి ఉన్నట్టే దానికీ 2000లో యూరప్‌లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయిదేళ్లకే తయారీ న్యూకాసిల్ విడిచి, టైన్ నది దాటి గేట్స్‌హెడ్ చేరడంతో, చివరికి కంపెనీయే ఆ గుర్తింపు వదులుకుంది. ఇప్పుడైతే నెదర్లాండ్స్‌లోనూ కాస్తున్నారు!

ఇక రుచి చూడడం. ముందు గ్లాసును వెలుతురుకెత్తాలి. రాగి రంగు నుంచి ముదురు గోధుమ దాకా ఏదైనా సరే, తేటగా ఉండాలి. నురుగు పలచగా ఉంటే తప్పు కాదు. 10 నుంచి 13 డిగ్రీల మధ్య తాగాలి, గడ్డకట్టే చలిలో వాసన ముక్కుదాకా రాదు. ముక్కుకు ముందు తగలాల్సింది ముదురు పాకం, బిస్కెట్టు, దోరగా వేగిన శనక్కాయ పొట్టు. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘నట్’ రుచి అంటారుగానీ మామూలుగా ఇందులో పప్పేదీ పడదు, అదంతా మాల్ట్ వేడెక్కినప్పుడు పుట్టిందే. తీపి మొహంమొత్తకుండా హాప్స్ పూల చేదు వెనక నుంచి పట్టుకోవాలి, ముందుకు రాకూడదు. మసి, కాఫీ గొంతులో నిలిస్తే అది పోర్టర్ అనే నల్ల బీరు పొలిమేరలోకి పోయినట్టే. నన్నడిగితే శనక్కాయల మూకుడు ముందు పెరిగినవాడికి ఇందులో తర్ఫీదు అక్కర్లేదు. ఎక్కడ వేగింది, ఎక్కడ మాడింది వాడికి తెలుసు.

తప్పులు పట్టడమే కష్టం. వెన్నవాసన గుప్పున కొడితే ఈస్టు పని పూర్తికాకముందే బీరు తీసేశారని అనుమానించాలి. తడిసిన అట్టముక్క వాసనైతే ప్రాణవాయువు సోకింది. వేడి ఈ చెడును తొందరపెడుతుంది, నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో లారీలో, గోదాములో వేడెక్కిన సీసా సంగతి చెప్పేదేముంది. ఎండ నేరుగా తగిలితే హాప్స్ చెడి ముక్కు మూసుకునే కంపు వస్తుంది. ముదురు రంగు సీసాలు అందుకే.

మన నాలుకకు బ్రౌన్ ఏల్ కొత్త కావడానికి కారణాలూ ఉన్నాయి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం మరుసటి ఏడాదే చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1995లో ఆంధ్రప్రదేశ్ అంతటా మళ్లీ నిషేధం, రెండేళ్లకు సడలింపు. తర్వాత దుకాణాల్ని నింపింది లాగర్లు, ‘స్ట్రాంగు’ బీర్లు. బ్రౌన్ ఏల్ మీద మనసైతే బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో వెతకడం మేలు. అక్కడ బీరు ట్యాంకులోంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది, మధ్యలో లారీ ఉండదు. దొరికితే, పది నిమిషాలు చలి దిగనిచ్చి అప్పుడు ముక్కు దగ్గర పెట్టండి.