గాలిని తూచు వేడితీగ

మోటారు కారు ఇంజనులో ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. గాలి తగ్గినచో మండని పెట్రోలు పొగగొట్టము గుండా వెలువడును. హెచ్చినచో ఇంజను శక్తి తగ్గి తడబడును. కంటికి కనబడని గాలిని, అదియు పరుగులో నున్నప్పుడు, తూచుట ఎట్లు? ఈ ప్రశ్నకు కార్లలో సరియైన సమాధానము దొరకుటకు దాదాపు తొంబది సంవత్సరములు పట్టినది.

1893లో జర్మనీ దేశీయుడగు విల్‌హెల్మ్ మేబాక్ పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ము కార్బ్యురేటరును రూపొందించెను. ఇరుకు గొట్టములో గాలి వేగము హెచ్చి పీడనము తగ్గును. ఆ తగ్గుదలయే పెట్రోలును పైకి లాగును. ఉపాయము సులభమైనదే, కాని అది గాలిని తూచదు, అంచనా మాత్రమే వేయును. కారు కొండ యెక్కినప్పుడు గాలి పలుచబడును; పెట్రోలు మాత్రము ఆ మేరకు తగ్గదు.

అంచనా చాలదని లోకమునకు తెలియజేసినది లాస్ ఏంజిలిస్ నగరము. అచ్చట ప్రజల కండ్లు మండించిన పొగకు మూలమేదియో 1950 తరువాతి సంవత్సరములలో హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. వాహనముల నుండి వచ్చు హైడ్రోకార్బనులును, నత్రజని ఆక్సైడులును సూర్యరశ్మిలో రసాయనిక చర్య జరిపి ఓజోనును పుట్టించుచున్నవని ఆయన నిరూపించెను. 1970లో అమెరికాలో కఠినమైన వాయు శుద్ధి చట్టము వచ్చెను.

ఈలోగా, 1967లో, బాష్ కంపెనీ వారి ఎలక్ట్రానిక్ పిచికారీ వోక్స్‌వాగన్ కారులో వచ్చినది. అది గాలి పీడనమును కొలిచెడిది. తరువాతి పద్ధతిలో గాలి త్రోసిన రేకు ఎంత కదలినదో చూచి ఘనపరిమాణమును తెలిసికొనిరి. ద్రవ్యరాశిని నేరుగా తెలుపునది మాత్రము వేడితీగ. వీచు గాలి వేడితీగ నుండి ఎంత వేడిని కొనిపోవునో తెలుపు సూత్రమును మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎల్. వి. కింగ్ 1914లోనే ప్రకటించియుండెను. 1982లో అట్టి తీగ వోల్వో కార్లలో అమరినది. గాలి తాకి ప్లాటినం తీగ చల్లబడును. దాని ఉష్ణోగ్రతను నిలుపుటకు అదనపు విద్యుత్తు పంపవలెను. ఆ విద్యుత్తే గాలి తూకము.

అయితే తీగపై మురికి పేరుకొన్నచో వేడి చక్కగా బయటికి పోదు. గాలి తక్కువగా వచ్చుచున్నదని భ్రమించి కంప్యూటరు పెట్రోలును తగ్గించును. అందుచేత తొలి పరికరములలో ఇంజను ఆగిన పిమ్మట తీగను క్షణకాలము సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చి శుభ్రపరచెడివారు.

1988 నుండి కాలిఫోర్నియాలోను, 1996 నుండి అమెరికా అంతటను కొత్త కార్లు తమ లోపమును తామే తెలుపవలెనను నియమము ఏర్పడినది. తీగ చెప్పు లెక్కను కంప్యూటరు ఇంజను వేగముతోను, గాలి ద్వారము తెరచుకొన్న మేరతోను పోల్చును. పొంతన కుదరనిచో హెచ్చరిక దీపమును వెలిగించి, 'పి 0101' వంటి సంకేతమును జ్ఞాపకముంచుకొనును.

ఆ సంకేతము దోషి పేరు కాదు; లెక్క తప్పినదను వార్త మాత్రమే. తీగకు ఆవలనున్న గొట్టము పగిలి, తూకము తప్పించుకొన్న గాలి లోనికి చొరబడినను అదే దీపము వెలుగవచ్చును. గొట్టమును పరీక్షింపక తీగను మార్చినచో డబ్బు ఖర్చగును గాని దీపము ఆరదు.