చెరువు ఎవరిది, ఖర్చు ఎవరిది: గుర్రపుడెక్క నివారణ వ్యయం - ఒక చారిత్రక పరిశీలన

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) మంచి చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను పేర్కొంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన ఈ సంస్కృత శాసనంలో కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీటికీ సాగుభూమికీ పొంతన లేకపోవడం దోషాలుగా కనిపిస్తాయి. కలుపు మొక్క ప్రసక్తి లేదు. నేడు మన చెరువులను కమ్ముతున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. పంతొమ్మిదో శతాబ్దం చివరలో గాని ఈ దేశంలో అడుగుపెట్టలేదు. అయితే ఆ ఆరింటిలో ఒక దోషం మన చర్చకు నేరుగా సంబంధించినది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అది ఇంజనీరింగు దోషం కాదు, బాధ్యతకు సంబంధించిన దోషం.

చెరువు పోషణకు పూర్వం ఆదాయమార్గం ముందే ఏర్పరచేవారు. రాయలసీమ శాసనాలలో తరచుగా కనిపించే దశబంధ మాన్యం అటువంటిదే. చెరువును నిర్మించి పోషించేవానికి ఆయకట్టులో కొంత భూమి గాని, ఫలసాయంలో భాగం గాని దక్కేది. పని ఏటేటా ఉంటుంది కనుక ప్రతిఫలమూ ఏటేటా ఉండేది. రైతుల శ్రమతో సాగిన కుడిమరామత్తును 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టంలోకి ఎక్కించింది గాని, ఆచారానికి ఉన్న బలం చట్టానికి రాలేదు.

గుర్రపుడెక్క విషయంలో వలస ప్రభుత్వం పట్టిన దారి వేరు. బర్మాలో 1917లో ప్రత్యేక చట్టం వచ్చింది. బెంగాలులో 1921లో జగదీశ్ చంద్ర బోసు అధ్యక్షతన సంఘం ఏర్పడింది. 1936లో చట్టం చేశారు. ఆంధ్ర జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాష్ట్రానికి తెగుళ్ల చట్టం 1919 నాటిది. ఈ మద్రాసు చట్టం పద్ధతి సూటిగా ఉంటుంది: భూమిని అనుభవిస్తున్నవాడే తెగులును తొలగించాలి, లేకుంటే ప్రభుత్వమే తొలగించి ఖర్చును అతని నుండి రాబడుతుంది. పొలానికి ఈ ఊహ సరిపోతుంది. నీటిపై తేలుతూ గాలి వాటున ఒక గట్టు నుండి మరో గట్టుకు పోయే మొక్కకు అనుభవదారు ఎవరు?

ఖర్చు ఖజానా మీద పడిన తరువాత మరో చిక్కు ఎదురైంది. అనుకూల పరిస్థితులలో ఈ మొక్క రెండు వారాలలోనే రెట్టింపు కాగలదు. దాని విత్తనాలు బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు మొలకెత్తే శక్తితో ఉంటాయి. పద్దు మాత్రం మార్చి నెలాఖరుతో ముగుస్తుంది. 1983 నుండి బెంగళూరు ప్రాంతపు చెరువుల్లో విదేశీ ముక్కుపురుగులను వదిలి సాధించిన ఫలితాలు ఇందుకు భిన్నమైన దారిని చూపాయి. పురుగులకు ఏటా కేటాయింపు అక్కరలేదు, కాని వాటి సంతతి పెరిగేదాకా కొన్నేళ్లు ఆగాలి. మధ్యలో యంత్రంతో మొక్కను మొత్తం ఊడ్చేస్తే పురుగూ పోతుంది. ఎత్తిన కలుపును కొలిచి బిల్లు వ్రాసే పద్ధతిలో ఇలా ఆగడానికి చోటు లేకపోవడమే ఆ ప్రయోగం పూర్తిగా అందిరాకపోవడానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం.

కొల్లేరులో ఈ చిక్కులన్నీ ఒకచోట కలుస్తాయి. సుమారు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమయ్యాయి. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. అటవీ, జలవనరుల, మత్స్య, రెవెన్యూ శాఖలన్నిటికీ అక్కడ అధికారం ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే పోషకాలే గుర్రపుడెక్కకు ఎరువు. నీరు సముద్రానికి పోవలసిన ఉప్పుటేరుకు ఆ మొక్కే అడ్డు.

2001లో మొదలైన జాతీయ సరస్సుల పరిరక్షణ ప్రణాళికలో కలుపు తొలగింపు నిధులకు అర్హమైన పనే. 2013లో ఆ పథకాన్ని చిత్తడి నేలల పథకంతో కలిపి, వ్యయాన్ని కేంద్ర రాష్ట్రాలు 70:30 నిష్పత్తిలో భరించేటట్లు చేశారు. అయితే 2001 నాటి ప్రణాళికలో పని పూర్తయిన తరువాతి నిర్వహణ కేంద్రం వాటాలో లేదు. దానిని రాష్ట్రమో స్థానిక సంస్థో చూసుకోవాలి. దశబంధం చెల్లించినది సరిగ్గా ఆ పనికే.