పాత ఫైళ్లలో చిక్కుకున్న తెలుగు



మా కమలాపురానికి సమీపంలో, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల గ్రామమున్నది. అక్కడి ఆలయ ప్రాంగణంలో లభించిన రేనాటి చోళుల శాసనం తెలుగు శాసనాలలో తొలిదని పండితుల అభిప్రాయం. కాలం సుమారు క్రీ.శ. 575. పద్నాలుగు శతాబ్దులు గడచినా లిపిజ్ఞులు దానిని చదువగలిగారు. 1990లలో ఫ్లాపీ కెక్కిన తెలుగు పుస్తకమో, పాతికేండ్లకే చదువరాని దైపోయినది. కారణ మేమి?

ఆల్డస్ సంస్థ 1985లో పేజ్‌మేకరును వెలువరించినది. 1994లో ఆ సంస్థ అడోబీలో కలిసినది. 2001 నాటి 7.0 కూర్పే చివరిది. 2004లో అభివృద్ధి నిలిపివేశారు. అయినను మన పట్టణాల డి.టి.పి. కేంద్రాలు దానిని, దానితోపాటు అను ఫాంటులను, చాలకాలం విడువలేదు. పెండ్లిపత్రికలు మొదలు శతకాలు, స్థలపురాణాలు, సన్మానసంచికల వరకు అందులోనే కూర్చబడినవి.

ఆ ఫైళ్లకు తాళాలు రెండు. మొదటిది ఫైలు రూపం. దానిని తెరిచే సాఫ్ట్‌వేరే కరవైనది. రెండవది ఫాంటు. తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌లో స్థానాలు ఏర్పడినా, విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 వరకు సామాన్యుని కంప్యూటరుకు అవి అందలేదు. అంతవరకు ఫాంటుకర్తలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అనే ముక్కలను అమర్చుకొన్నారు. ఫైలులో నున్నది అక్షరం కాదు, అక్షరపు బొమ్మ. ఫాంటు లేనిచో మిగిలేది గజిబిజి రోమను లిపియే.

మొదటి తాళానికి 2015లో విడుదలైన లిబ్రెఆఫీస్ 4.4 ఒక తాళపుచెవి నిచ్చినది. అది పేజ్‌మేకర్ ఫైళ్లను తెరువగలదు. రెండవదానికి మార్పిడి సాధనాలున్నవి. వెనుకటి బ్లాగరులకు ఫైర్‌ఫాక్స్‌లోని 'పద్మ' జ్ఞాపకముండును. 2017 నవంబరులో ఆ విహారిణి పాత పద్ధతి పొడగింతలను త్రోసివేయుటతో అదియు మూలబడినది. ఉద్ధరించు సాధనానికే ఉద్ధారకుడు కావలసివచ్చినది!

మార్పిడి ముగిసినంత మాత్రాన పని ముగియదు. 'మె' అనునది బొమ్మగా చూచిన 'వె'కు కొమ్ము తగిలించినట్లే యుండును. అందుచేత యంత్రం దానిని 'వెు' అని వ్రాసి యూరకుండును. కంటికి తేడా కనబడదు గాని, వెదకినవానికి ఆ మాట దొరకదు. ఒత్తులు స్థానం తప్పుట, అరసున్నలు జారుట సరేసరి. ఇవి వ్రాయసకాండ్ర స్ఖాలిత్యాల వంటివే. వీనిని పట్టుటకు తెలుగు చదివిన కన్ను కావలెను.

1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తాళపత్రప్రతులను సేకరించి, పండితులను కూర్చోబెట్టి, పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. నేడు మనముందున్నదీ ఆ పనియే. ముందుగా మూలఫైలుకు నకలు తీయవలెను; మూలాన్ని ముట్టరాదు. యూనికోడ్ పాఠాన్ని అచ్చుప్రతితో పంక్తి పంక్తికి సరిచూడవలెను. అచ్చుప్రతి దొరకనిచో ఫాంటున్న పాత యంత్రంలో తెరచి, పుటలను కాగితంపై ముద్రించి, దానితో పోల్చవలెను. మూలాన్ని, ఫాంటును, శుద్ధపాఠాన్ని మూటినీ కలిపి దాచవలెను.

పెద్దకవుల గ్రంథాలను ఎవరో ఒకరు మరల అచ్చువేస్తారు. నూరు ప్రతులు వేసిన పల్లెటూరి కవి శతకానికి ఆ ఫ్లాపీయే దిక్కు. మీ ఊరి డి.టి.పి. కేంద్రంలో పాత కంప్యూటరు పాతసామాన్ల వానికి చేరకముందే ఒకమాటు పోయి అడుగుడు.