రాట్నము చక్రమైన కథ

1947 జులై 22న రాజ్యాంగ పరిషత్తులో జాతీయ పతాక తీర్మానమును ప్రవేశపెట్టుచు జవహర్‌లాల్ నెహ్రూ, రాట్నమునకు మారుగా చక్రమును గైకొనుటకు మొదట చెప్పిన కారణము అశోకుని కీర్తి కాదు; గుడ్డకు రెండు ముఖములుండుటయే. అశోకుని ప్రసక్తి ఆ పిమ్మట వచ్చినది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా నందించిన నాటి నుండి ప్రజల గుండెలలో నెలకొన్న రాట్నమును తొలగించుటకు ఇంత చిన్న హేతువా యని తోచవచ్చును గాని, రేఖాగణిత మెరిగినవారికి అది చిన్నది కాదు.

పలుచని ఖద్దరు గుడ్డపై, కఱ్ఱవైపున చక్రమును, ఆవలివైపున కదురును ఉండునట్లు రాట్నమును గీసి, వెలుతురున కెదురుగా పట్టి వెనుకనుండి చూడుడు. ఇటు కుడిచేతివైపున్న కదురు అటు ఎడమకు వచ్చును. రెండు ముఖములు ఒకటి కావు. పోనీ, వెనుకవైపున గూడ ముందటి బొమ్మనే అచ్చుగా ముద్రింతమన్నచో, కఱ్ఱ దాపున ఉండవలసిన చక్రము జెండా కొనకు పోయి, కదురు కఱ్ఱను చేరును. ఏ గీత వెంబడి మడిచినను రెండు సగములు ఒకదానిపై నొకటి సరిగా కూర్చొనని, అనగా సౌష్ఠవాక్షమే లేని ఆకారమునకు ఈ చిక్కు తప్పదు. దానిని త్రిప్పినను అంతే: పూర్తిగా ఒక చుట్టు తిరిగినగాని మొదటి రూపు రాదు.

అశోకుని సారనాథ సింహశీర్షపు పీఠముపై చెక్కిన చక్రమును ఆధారముగా గొన్న పతాక చక్రమునకు, బండివారు ఆకులని పిలుచు అరములు 24. ఇరుగుపొరుగు ఆకుల నడుమ కోణము 15 డిగ్రీలు. అంతమాత్రము త్రిప్పిన చాలును, ప్రతి ఆకు తన పొరుగుదాని స్థానమున నిలిచి, చక్రము కదలనే లేదన్నట్లు కనిపించును. ఒక్క చుట్టులో 24 మారు లిట్లు జరుగును. ఇది భ్రమణ సౌష్ఠవము. ఇక మడతకు లొంగు రేఖలు గూడ 24: ఎదురెదురు ఆకుల గుండా పోవునవి 12, ఆకుల నడిమి ఖాళీల గుండా పోవునవి 12. అందులో నిలువు రేఖ యొకటి యుండుటచేతనే వెనుకనుండి చూచినను బొమ్మ మారదు. కదురు పోయినను, రాట్నములోని చక్రము మిగిలినదనియే నా మనస్సు తృప్తి పడుచుండును.

అయినను జెండా మొత్తమునకు మిగిలినది ఆ నిలువు అక్ష మొక్కటియే. సగము చుట్టు త్రిప్పినచో చక్ర మేమియు అభ్యంతరము చెప్పదు గాని, పచ్చ పైకి వచ్చి కాషాయము క్రిందికి పోవును. కావుననే పంద్రాగస్టునాడు త్రాడు లాగుటకు ముందు, కాషాయము పైనున్నదా యని మరల నొకమారు చూచుకొందురు.