జీతముల చెల్లింపు చట్టము

పనివానికి ఎంత జీతమీయవలెననుట యొక ప్రశ్న. ఒప్పుకొన్న జీతము ఎప్పుడు, ఏ రూపమున వాని చేతికీయవలెననుట మఱియొకటి. నేనీ రెండవదానిని గూర్చి మనవి చేసెదను.

మొదటి ప్రపంచయుద్ధానంతరము మన దేశమందలి పెక్కు మిల్లులలో నెల గడచిన చాలదినములకు గాని జీతము ముట్టుచుండెడిది కాదు. అంతవఱకు పనివాడు వడ్డీకి తెచ్చి తినవలసినదే. పైగా జరిమానాలు, కోతలు. 1929లో నియమింపబడిన విట్లీ సంఘము వీనిని విచారించి 1931లో నివేదిక నొసగెను. తత్ఫలముగా 1936లో జీతముల చెల్లింపు చట్టము పుట్టెను; 1937 మార్చి 28వ తేదీన అమలులోనికి వచ్చెను.

ఆ చట్టము వేయిమందికి లోబడిన కర్మాగారములలో ఏడవ దినము లోపల, పెద్దవానిలో పదియవ దినము లోపల జీతమును రొక్కముగా నీయవలెనని శాసించెను. జరిమానా రూపాయికి అర్ధణా మించరాదనెను. ఆ సొమ్ము పనివారి మేలునకే వెచ్చింపవలెను. అక్రమముగా కోసిన సొమ్మునకు పదిరెట్ల వఱకు పరిహారము విధింప వీలుండెను.

అయినను తొలుత అర్జీకి ఆఱునెలలే గడువుండెను. చదువెఱుగని కూలివాడు ఆ లెక్క యెట్లుంచుకొనగలడు? మఱియు నీ రక్షణ తొలుత కర్మాగారములకును రైల్వేలకును మాత్రమే కలిగెను; పొలము కూలికి అందలేదు. వ్యవసాయము 1948 కనీస వేతనముల చట్టపు పట్టికలో చేరెను. 2019లో ఆమోదింపబడిన వేతనస్మృతి గడువు నియమమును అన్ని వృత్తుల ఉద్యోగులకును విస్తరింపజేసెను.

కావున పెద్దలకు నా విన్నపము: మీ యూరివారు పనికి పోవునపుడు జీతము ముట్టిన తేదీని, కోసిన సొమ్మును వ్రాసియుంచుకొనుడని చెప్పుడు. వ్రాతరానివారికి మీరే వ్రాసిపెట్టుడు. తగవు వచ్చిననాడు వారికదియే సాక్ష్యము.